మా ఇంటి ముందు అనపకాయ కాస్తే ఎవరికి నష్టం?

మా లేఅవుట్ నిబంధనల పుస్తకంలో ఒక వాక్యం ఉంది. ఇంటి ముందు భాగంలో పచ్చిక, అలంకార మొక్కలు మాత్రమే ఉండాలి. కూరగాయలు, తీగపాదులు, పందిళ్ళు వెనకవైపే పెట్టుకోవాలి. రాసినవాళ్ళు ఆ వెనకవైపు ఎప్పుడైనా వెళ్ళి చూశారో లేదో. ఇంటికీ ప్రహరీకీ మధ్య నాలుగడుగుల సందు అది. వాషింగ్ మెషీన్, గ్యాస్ సిలిండర్లు, పాత కుర్చీలు ఉంటాయి. అవతలి ఇంటి రెండంతస్తుల గోడ అడ్డం కాబట్టి మధ్యాహ్నం గంటసేపు తప్ప ఎండ పడదు. టమాటాకూ వంగకూ రోజుకు ఐదారు గంటల ఎండ ఉంటేగాని కాపు రాదు. వెనకే పెంచుకోమనడమంటే పెంచొద్దనడమే. ఆ వాక్యాన్ని కొట్టేయాలని నా వాదన. ఇలాంటి వాక్యమే యలహంక నుంచి హిందూపురం రోడ్డు పొడవునా పుట్టుకొస్తున్న ఎన్నో లేఅవుట్ల పుస్తకాల్లో ఉంది కాబట్టి, ఇది మా ఒక్క వీధి తగాదా కాదని పత్రికకు రాస్తున్నాను.

నా పుట్టిల్లు హిందూపురం. పెళ్ళయి దొడ్డబళ్ళాపురం మగ్గాల వీధికి కోడలిగా వచ్చాను. ఇంట్లో తెలుగు, గడప దాటితే కన్నడం, పవర్‌లూమ్ నడుస్తుంటే ఏ భాషా వినపడదు. ఆ వీధుల్లో ఇంటికి ఖాళీ స్థలమంటే గుమ్మం పక్కన రెండు గజాలు. ఆ రెండు గజాల్లోనే కరివేపాకు, ఒక మునగ, కొట్టం కప్పు మీదికి పాకిన గుమ్మడి తీగ. పక్కింటివాళ్ళ కప్పు మీద కాసిన కాయ ఎవరిదన్న పంచాయితీ తప్ప, తీగ ఎందుకు పెట్టావని అడిగినవాళ్ళు లేరు. తర్వాత మగ్గాలు అమ్మేశాం, మావాడు ఊరి బయట లేఅవుట్‌లో ఇల్లు తీసుకున్నాడు. ఇంటి ముందు ఆరువందల చదరపు అడుగుల గడ్డి. కూర్చోవడానికి చీమలు, నడవడానికి మనసొప్పదు, మేపడానికి ఆవు లేదు. చూడటానికే ఉంది. సరే, చూశాం.

ఆ గడ్డి ఇక్కడ మొలిచింది కాదు. లారీలో వచ్చింది, తివాచీల్లా చుట్టిన పలకలుగా. ఎవరి పొలంలోనో దాన్ని పెంచి, వేళ్ళకు అంటుకున్న మట్టితో సహా అంగుళం మందాన కోసి అమ్ముతారు. కోత కోతకూ ఆ పొలం పైమట్టి కొంచెం కొంచెంగా లారీ ఎక్కి వెళ్ళిపోతుంది. అలా వచ్చిన మట్టిని మా దగ్గర పరిచింది దేనిమీద? మా మాలీ తాత ఇక్కడే పుట్టినవాడు. ఇప్పుడు క్లబ్‌హౌస్ ఉన్న చోట బెంగుళూరు బ్లూ ద్రాక్ష పందిళ్ళుండేవనీ, మా వీధి మొత్తం రాగి చేననీ చెబుతాడు. రాగి సాళ్ళ మధ్య అక్కడక్కడా అనప, కంది, గట్టు పొడవునా ఆముదం. ఆ చేను మీద కంకర, కంకర మీద ఇటుక ముక్కలు, వాటి మీద నాలుగంగుళాల ఎర్రమట్టి, ఆ పైన మరెవరి చేనో తొక్క ఒలిచినట్టు తెచ్చిన గడ్డి! దీన్నే బ్రోచర్‌లో ప్రకృతి ఒడి అని వేశారు.

నీళ్ళ సంగతి చెప్పుకోవాలి. చదరపు మీటరు నేల మీద ఒక్క మిల్లీమీటరు నీరంటే ఒక లీటరు. మా వైపు ఎండాకాలంలో పచ్చిక ఆకుపచ్చగా ఉండాలంటే రోజుకు ఐదు మిల్లీమీటర్లయినా కావాలి. ఆరువందల చదరపు అడుగులంటే దాదాపు 56 చదరపు మీటర్లు. రోజుకు 280 లీటర్లు, నెలకు 8,400 లీటర్లు. నాలుగువేల లీటర్ల ట్యాంకర్లు రెండు. ఇది ఒక్క ఇంటి లెక్క. రోడ్డు మధ్య, క్లబ్‌హౌస్ చుట్టూ, గేటు దగ్గర పరిచింది కలపలేదు. 2024 మార్చిలో బెంగళూరు జలమండలి తాగునీటితో తోటలు తడపడాన్ని, కార్లు కడగడాన్ని నిషేధించి, పట్టుబడితే 5,000 రూపాయల జరిమానా అంది. మేం జలమండలి పరిధిలో లేం కనుక మా గడ్డికి ఆ వేసవి నిశ్చింతగానే గడిచింది. కానీ బోరుకు మండళ్ళూ పరిధులూ తెలియవు కదా. వెయ్యి అడుగులు దాటినా తడి తగలని బోర్లు ఈ తాలూకాలో ఎన్ని లేవు!

మాది నదిలేని ఊరు కాదు. నందికొండల్లో పుట్టిన అర్కావతి మా మీదుగానే వెళ్ళాలి. ఊళ్ళో నాగరకెరె ఆ గొలుసులోదే. 1894లో హెసరఘట్ట చెరువు నుంచి బెంగళూరుకు కొళాయి నీళ్ళు వెళ్ళాయి. అవి చాలక 1933లో కింద తిప్పగొండనహళ్ళి జలాశయం కట్టారు. అవీ చాలక నగరం కావేరికి పోయింది. ఇటు పైన ఉన్న మాకు మిగిలింది, వానొస్తే గుర్తొచ్చే ఏరు. దొడ్డతుమకూరు, చిక్కతుమకూరు చెరువుల్లో పట్టణం మురుగూ ఫ్యాక్టరీల నీళ్ళూ కలుస్తున్నాయని ఆ ఊళ్ళవాళ్ళు ఏళ్ళుగా రోడ్డెక్కుతూనే ఉన్నారు. ఈ నది ఒడ్డున, ఈ స్థితిలో, చూడటానికి మాత్రమే పనికొచ్చే గడ్డికి రోజూ నీళ్ళు పోయడాన్ని నియమంగా రాసిపెట్టుకున్నాం మేం.

మా లేఅవుట్ సంఘం కార్యదర్శిగారు తెలివైన మనిషి. ‘అమ్మా, కూరగాయలు మాత్రం నీళ్ళు తాగవా?’ అన్నారు. తాగుతాయి. చదరపు మీటరుకు చదరపు మీటరు పెట్టి చూస్తే వంగమొక్క పచ్చిక కంటే తక్కువేమీ తాగదు, ఇందులో దాపరికమెందుకు? తేడా మరోచోట ఉంది. పచ్చిక ఏడాది పొడవునా, అంగుళం వదలకుండా, తలంతా తడవాలి. కూరమడిలో మొదట్లో పోసేది మొక్క మొదలుకే. మధ్యలో రాగిగడ్డి కప్పితే తడి రెండు మూడు రోజులు నిలుస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో సగం మళ్ళు ఖాళీగా వదిలేయొచ్చు. ఖాళీ మడిని ఎవరూ తప్పుపట్టరు, ఎండిన పచ్చికకు మాత్రం సంఘం నోటీసు పంపుతుంది. ఇక వాన నీళ్ళు. ఇక్కడ ఏటా 800 మిల్లీమీటర్లు అటూఇటూగా పడుతుంది. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద అది 74,000 లీటర్లు. పోయింది పోగా యాభై వేలు చేతికొస్తాయనుకున్నా, అంత నిలవ చేసే సంపు ఎవరింట్లోనూ లేదు. నిజమే, కానీ అందులో ఎక్కువ భాగం పంట పెరిగే జూన్–అక్టోబరు నెలల్లోనే పడుతుంది గనుక నేలే సంపు.

ఆయన రెండో అభ్యంతరం మాత్రం గట్టిది, దాన్ని నేను పక్కన పెట్టలేను. లేఅవుట్‌లో గడ్డి తడిపే పైపుల్లో మురుగుశుద్ధి కేంద్రం నీళ్ళు కూడా వస్తాయి. గడ్డికి పర్వాలేదు. కొత్తిమీర, పాలకూర, పచ్చిగా తినే ముల్లంగి మీద ఆ నీళ్ళు పడకూడదు. అందుకే కూరమడి పెట్టేవాళ్ళు ఆ పైపు మూసేసుకోవాలి, ముందుగా అది నియమం కావాలి. ఆ నీళ్ళు చెట్లకు పోనివ్వండి, కానుగలకూ వేపలకూ. మడికి బియ్యం కడిగినవి, కూరలు కడిగినవి, సంపులోవి. మా ఇంట్లో ఐదుగురం. వంటింటి సింకు నుంచి ఊరికే పోయే కడుగునీళ్ళు ఎన్ని బకెట్లో ఒకరోజు పట్టి చూడండి, మీకే ఆశ్చర్యమేస్తుంది. సబ్బునీళ్ళు వద్దు.

గడ్డి తీయడమంటే పీకి పారేయడమనుకుంటారు. అలా చేస్తే ఆ లారీ మట్టి కూడా పోతుంది, కింద కంకర తేలుతుంది. పలకలుగా కోసి, గడ్డి కిందికీ వేళ్ళు పైకీ వచ్చేలా తిరగేసి ఒక మూల గుట్టగా పేర్చి, తడిపి, కప్పెట్టాలి. వానాకాలం గడిచేసరికి అదే మంచి మట్టి. కోసే ఓపిక లేనివాళ్ళు గడ్డి మీదే అట్టపెట్టెలు విప్పి పరిచి, తడిపి, ఆకూఅలమూ పేడా జానెడు మందాన వేయొచ్చు. వెలుతురు లేక కింద గడ్డి రెండు మూడు నెలల్లో చస్తుంది. పుస్తకాల్లో ఈ పద్ధతి చాలా శుభ్రంగా ఉంటుంది. మా ఎర్రనేలలో అట్ట పరిచిన వారానికే చెదలు విందుకు వస్తాయి. రానివ్వండి. అట్టను మట్టి చేసేది అవే, వాటికి మందు కొట్టారంటే మడి ఎందుకు పెట్టినట్టు? గోడలకూ తలుపులకూ మాత్రం మూడడుగుల దూరం పాటించండి. ఇక తుంగ, గరిక. ఈ రెంటికీ అట్టలు, చావు, ఏదీ లెక్కలేదు. తుంగగడ్డను చేత్తో తవ్వి తీయాల్సిందే, తీసినా వస్తుంది. దాంతో సహజీవనం అలవాటు చేసుకోవాలి.

ఎరువుకు మా ఊరు పెట్టింది పేరు, వాడుకోం అంతే. చుట్టుపక్కల పట్టుపురుగులు పెంచే ఇళ్ళెన్నో. పురుగులు తిని వదిలిన మల్బరీ ఈనెలు, వాటి రెట్ట, తట్టల కింద పోగయ్యే చెత్త పేడతో కలిపి మాగబెడితే అంతకు మించిన ఎరువు నేను చూడలేదు. పచ్చిగా వేస్తే వేడికి మొక్క మాడుతుంది. మూణ్ణెల్లు ఆగాలి. పేడకయితే కరువేముంది, ఘాటి సుబ్రహ్మణ్యం పశువుల జాతర జరిగే తాలూకా ఇది. అయినా మా లేఅవుట్‌కు ఎరువు ప్లాస్టిక్ సంచుల్లో ఆన్‌లైన్‌లో వస్తుంది, మీద ఆవు బొమ్మతో.

మొదటి ఏడు కూరగాయల మీద ఆశ పెట్టుకోవద్దు. ఆ నేల ఇటుకపొడిలా ఉంటుంది. ఉలవలు చల్లి, పూతకొచ్చే వేళకు కోసి అక్కడే కలిపేస్తే నేలకు జీవం వస్తుంది. ఆ తర్వాత విత్తనం. దీనికి నగరం నర్సరీల చుట్టూ తిరగక్కర్లేదు. మాకు దక్షిణాన హెసరఘట్టలోనే భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఉంది. అర్కావతి పేరు మీద అర్క అని మొదలయ్యే వాళ్ళ రకాలు దేశమంతా పండుతున్నాయి. అర్క అనామిక బెండ, అర్క వికాస్ టమాటా. అర్క రక్షక్ టమాటా ఆకుముడత, వడలు తెగులు, ఆకుమాడు మూడింటినీ తట్టుకుంటుంది గానీ అది హైబ్రిడ్, విత్తనం దాచుకుంటే మళ్ళీ అదే రాదు. దాచుకునే అలవాటున్నవాళ్ళు వికాస్ వేసుకోండి. గోంగూర మాత్రం వానల మొదట్లోనే వేయాలి. ఇక్కడి చలికి అది ముడుచుకు కూర్చుంటుంది, గుంటూరువాళ్ళు వచ్చి ఎంత బతిమాలినా ఎదగదు.

అసలు మా నేల పంట అనప. కన్నడంలో అవరె. నాటు అనప పొద్దు చూసుకుని పూసే రకం. జులైలో విత్తినా, ఆగస్టులో విత్తినా, పగలు పొట్టిబడ్డాకే పూస్తుంది. డిసెంబరు మంచు పడే వేళకు కాయ నిండుతుంది. ఆ కాయకు జిడ్డుగా ఒక వాసన ఉంటుంది, ఇక్కడివాళ్ళు సొగడు అంటారు. గింజలు నానబెట్టి, పితికి, తోలు తీసి చేసిన పితికిపప్పు కూర, పక్కన వేడి సంగటి ఉంటే మావారు మగ్గం ఆపి మరీ వచ్చేవారు. ఏడాది పొడవునా కావాలంటే పొద్దుతో పనిలేని పొట్టి రకాలున్నాయి. హెబ్బాళ వ్యవసాయ విశ్వవిద్యాలయంవాళ్ళ హెబ్బాళ అవరె 3, 4. హెసరఘట్టవాళ్ళ అర్క జయ్, అర్క విజయ్. మోకాలెత్తు పొదలు, పందిరి అక్కర్లేదు. ఇంటి ముందుకు ఇంతకంటే అణకువైన మొక్క ఏముంటుంది? నా ముక్కుకు వాటిలో సొగడు కాస్త తక్కువే అనిపిస్తుంది, అది వేరే మాట.

ఇంత చెప్పాక మిగిలే అభ్యంతరం ఒక్కటే, చూడటానికి బాగుండదు. ఎవరి కంటికి? ఇంటి ముందు కత్తిరించిన గడ్డి ఉంటేనే పెద్దింటి లక్షణమన్న చూపు ఇక్కడికి 1809లో వచ్చిన కంటోన్మెంటు బంగళాలతో దిగింది. ఆ దొరల దేశంలో చినుకు ఏడాది పొడవునా పడుతుంది, గడ్డి తనంత తానే పచ్చగా ఉంటుంది. ఆ దొరలే రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి పచ్చికలు తవ్వి బంగాళాదుంపలు వేశారు. అమెరికాలో 1943లో ఎలియనార్ రూజ్‌వెల్ట్, 2009లో మిషెల్ ఒబామా వైట్‌హౌస్ ఆవరణలోనే కూరమళ్ళు పెట్టించారు. మన లాల్ బహదూర్ శాస్త్రి 1965 తిండి కొరతలో తన అధికార నివాసం పచ్చికను దున్నించారు. ప్రధానమంత్రి ఇంటికి రాని అవమానం మా వీధికి వస్తుందా?

మా అమ్మాయి టెక్సస్‌లో ఉంటుంది. అక్కడా ఇదే గోడు. ఇళ్ళ సంఘం ముందు పచ్చికే ఉండాలంటుంది, వెనక చెక్కకంచె చాటున మనవాళ్ళు సొరపాదులూ దోసపాదులూ పెంచుకుంటారు. ఫ్లోరిడాలో మయామీ షోర్స్ అనే ఊరు ఇంటి ముందు కూరగాయలు వద్దని 2013లో నియమం పెడితే, ఏళ్ళ తరబడి పెంచుకున్న మడిని ఒక జంట పీకేయాల్సి వచ్చింది. కోర్టుల్లో ఓడిపోయారు. చివరికి 2019లో రాష్ట్ర చట్టసభే, ఇంట్లో కూరమడిని ఊళ్ళు నిషేధించడానికి వీల్లేదని చట్టం చేసింది. చట్టం ఆపింది ఊరి పాలకులనే, ఇళ్ళ సంఘాలను కాదు. సంఘాల ఇష్టారాజ్యం అక్కడా అలాగే ఉంది. పచ్చిక పిచ్చి సముద్రం దాటి వచ్చింది, ఈ విరుగుడు వార్త మాత్రం దాటలేదు.

పాములొస్తాయంటారు. పాము వచ్చేది ఎలుక కోసం, ఎలుక వచ్చేది మా గేటు పక్కన మూత పెట్టని చెత్తడబ్బాల కోసం. నెమళ్ళు టమాటాలు పొడుస్తాయన్నది నిజం, వానల్లో ఆఫ్రికా నత్తలు లేతాకులను రాత్రికి రాత్రి ఊడ్చేస్తాయన్నదీ నిజం. పొద్దున్నే లేచి ఏరి ఉప్పునీళ్ళ బకెట్‌లో వేయడమే మందు. వాకింగ్‌కు వచ్చే మగవాళ్ళు ఆ పని చేస్తే వాళ్ళ నడకకూ ఒక అర్థం ఉంటుందని నేనన్నాను, మావారితో సహా ఎవరూ ఒప్పుకోలేదు.

గడ్డి అంటే నాకు పగ లేదు. హెసరఘట్ట దగ్గర అసలైన గడ్డిభూమి ఉంది. ఎవరూ విత్తలేదు, కోయరు, తడపరు. వానకు పచ్చబడి ఎండకు బంగారం రంగు తిరుగుతుంది, చలికాలం దూరదేశాల గద్దలు దిగుతాయి. సంరక్షణ కోసం పోరాడగా పోరాడగా, ఐదువేల పైచిలుకు ఎకరాలను కాపాడే నిర్ణయం 2024లో వచ్చింది. దానికి అభ్యంతరాలు చెప్పినవాళ్ళకు కొదవలేదు. నిజమైన గడ్డిని బంజరు అనీ, లారీలో వచ్చినదాన్ని పచ్చదనమనీ అనే చూపే నాకు గిట్టనిది. పిల్లలు ఆడుకునే పార్కులోనూ పచ్చిక ఉండాల్సిందే, అక్కడ అది పనిచేస్తోంది.

కూరగాయల ఖర్చు మిగులుతుందని మాత్రం నేను చెప్పను. 2023 జులైలో టమాటా కిలో వంద దాటినప్పుడు మా వీధిలో పెరటి తోటల గురించి మాట్లాడనివాళ్ళు లేరు, ధర దిగగానే ఆ ఊసే లేదు. ఇంటి మడి పంటను కూలీ, ఎరువు లెక్కగట్టి చూస్తే హాప్‌కామ్స్ అంగడే చవక. లాభం ఇంకొకటి. ఒక బుట్టెడు టమాటాకు ఎన్ని నెలలు, ఎన్ని నీళ్ళు, ఎన్ని తెగుళ్ళు దాటాలో తెలిసినవాళ్ళు, కోలారు రైతు కిలో రెండు రూపాయలే పలికిందని రోడ్డు మీద పారబోసిన వార్త చదివి పేజీ తిప్పేయలేరు. పక్క ఊరి నుంచి మా ఇంటికి పనికొచ్చే చెల్లి ఇన్నాళ్ళూ గిన్నెలు తోమి వెళ్ళిపోయేది. సాలు ఎటు తీయాలో, అనపను ఎంత ఎడంలో పెట్టాలో ఆమెకు తెలిసినంత మా లేఅవుట్‌లో ఎవరికీ తెలియదని ఇప్పుడు బయటపడింది. తవ్వకానికీ విత్తడానికీ విడిగా కూలీ ఇవ్వాలి. గిన్నెల జీతంలోనే కలిపేసుకుంటామంటే నేనూరుకోను.

సంఘానికి నేనిచ్చిన కాగితంలో అడిగినవి పెద్ద కోరికలు కావు. ముందు స్థలంలో కూరగాయలు ఇష్టమున్నవాళ్ళు పెంచుకోవచ్చు. రోడ్డువైపు పందిరి నాలుగడుగులు దాటకూడదు. శుద్ధిచేసిన మురుగునీళ్ళు తినే మొక్కలకు పెట్టకూడదు. నీళ్ళు నిలవకూడదు. పేడ ఎరువు మాగినదే వాడాలి. ఎండాకాలంలో పచ్చిక ఎండితే నోటీసులివ్వడం మానాలి. కమిటీ చదివి, సెప్టెంబరు సర్వసభ్య సమావేశంలో పెడతామంది. నాటు అనపకు ఆగస్టు దాటితే అదను పోతుంది, కొమ్మ సాగకముందే పూత పడి నాలుగు కాయలతో సరిపెడుతుంది. సమావేశం జులైకి జరపమని మళ్ళీ రాశాను. కార్యదర్శిగారికి పితికిపప్పు ఇష్టమని వాళ్ళావిడ చెప్పింది.